తాళం మార్చినంత మాత్రాన ఇల్లు పోదు

నమస్కారం. రెండు మూడు నెలల అద్దె బకాయి పడింది. ఓనరు గుమ్మంలో నిలబడి, "రేపు సాయంత్రానికల్లా ఖాళీ చెయ్, లేదంటే సామాను బయట పడేస్తా" అన్నాడు. నలుగురిలో పరువు పోతుందన్న భయంతో చాలామంది ఆ రాత్రికి రాత్రే సర్దుకుని వెళ్లిపోతారు. దయచేసి ఆ పని చేయకండి. ఇంట్లో ఉండగా మీకున్న బలంలో సగం కూడా గడప దాటాక ఉండదు.

మన చట్టం ప్రకారం, బకాయి ఉన్నా సరే, ఓనరు తనంతట తాను మిమ్మల్ని వెళ్లగొట్టలేడు. అగ్రిమెంటులో వేరే గడువు రాసుకోకపోతే, నెలవారీ అద్దెకు ఉన్నవాళ్లకు కనీసం 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 106. నోటీసు గడువు అయిపోయాక కూడా మీరు ఖాళీ చేయకపోతే ఆయన వెళ్లాల్సింది కోర్టుకే. "పదకొండు నెలల అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయిందిగా" అంటారు. అయిపోయినా అంతే. అగ్రిమెంటు గడువు తీరిన మనిషినైనా చట్టప్రకారం తప్ప బలవంతంగా పంపకూడదని సుప్రీంకోర్టు 1989లోనే తేల్చింది. అలాగని బకాయి మాఫీ అయినట్టు కాదు. కోర్టు ఖాళీ చేయమంటే చేయాల్సిందే. కానీ ఈలోగా మీకు దొరికే సమయం ఉంది చూశారూ, పిల్లల చదువు ఆగకుండా, ఇంకో గది వెతుక్కోవడానికి అదే ఆధారం.

కొందరు ఓనర్లు అద్దె తీసుకోవడం మానేస్తారు, తర్వాత "కట్టలేదు" అని కేసు వేయడానికి. తీసుకోనంటే ఓనరు బ్యాంకు ఖాతాలో వేసేయండి. ఫోన్‌లో కట్టిన అద్దె రికార్డు, మీ చిరునామా ఉన్న గ్యాస్ రశీదు, కరెంటు బిల్లు అన్నీ ఒకచోట పెట్టుకోండి.

మీరు పనికి వెళ్లొచ్చేసరికి తాళం మార్చేశారనుకోండి. ముందు ఆ కొత్త తాళాన్ని, బయట పడేసిన సామానును ఫొటో తీయండి. పక్కింటివాళ్లు చూసి ఉంటే వాళ్ల పేర్లు రాసుకోండి. స్టేషన్‌కు వెళ్తే "ఇది సివిల్ మ్యాటర్ అమ్మా" అని పంపేయాలని చూస్తారు. బెదిరించడం, చేయి చేసుకోవడం, సామాను పాడుచేయడం నేరాలే. ఫిర్యాదు రాసిచ్చి రశీదు అడగండి. ఇల్లు తిరిగి దక్కించుకోవడానికి 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం, సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోగా దావా వేయాలి. ఇల్లు ఎవరిదన్న చర్చ అందులో రాదు. మీరు అక్కడ ఉంటుండగా మీ ఇష్టం లేకుండా, చట్టప్రకారం కాకుండా పంపేశారని చూపిస్తే చాలు. ప్రభుత్వం మీద మాత్రం ఈ సెక్షన్ పనిచేయదు.

లాయరుకు డబ్బులెక్కడివి అంటారా? 15100కు ఫోన్ చేయండి, లేదా మీ కోర్టు ఆవరణలోనే ఉండే న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది.

భర్తో అత్తమామలో గెంటేస్తే, ఇల్లు మీ పేరున లేకపోయినా, 2005 గృహహింస చట్టం ప్రకారం కలిసి బతికిన ఇంట్లో ఉండే హక్కు మీకుంది. ఆ ఇల్లు అత్తమామల పేరున ఉన్నా ఈ హక్కు అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయొచ్చు. పిల్లలకు ఇల్లు రాసిచ్చి రోడ్డున పడ్డ పెద్దవాళ్లు ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌కు వెళ్లండి. చూసుకోవాలనే షరతుతో ఇచ్చి ఉంటే ఆ దస్తావేజును రద్దు చేయించుకోవచ్చు.

ఇక ఫుట్‌పాత్ మీద, ప్రభుత్వ స్థలంలో ఉంటున్నవాళ్ల సంగతి. ఇక్కడ తీపి మాటలు చెప్పను. బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు అంది. అదే తీర్పులో తొలగింపునకు ఒప్పుకుంది కూడా, వానాకాలం అయ్యేదాకా ఆగమంది. 2024 నవంబరులో ఇళ్ల కూల్చివేతకు 15 రోజుల నోటీసు తప్పనిసరి చేసిన తీర్పు కూడా రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్కన కట్టుకున్నవాటికి వర్తించదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. అందరికన్నా రక్షణ కావాల్సింది వాళ్లకే.

వాళ్లకున్న దారి షెల్టర్, అంటే ఇల్లు లేనివాళ్ల కోసం పట్టణాల్లో నడిపే వసతి. లక్ష జనాభాకు ఒకటి చొప్పున, ఏడాది పొడవునా పగలూ రాత్రీ తెరిచి ఉండాలి. మనిషికి 50 చదరపు అడుగులు ఉండాలని కేంద్రం పట్టణ జీవనోపాధి మిషన్ కింద (2024లో అది ముగిసింది) నిబంధన పెట్టింది. మన రెండు రాష్ట్రాల్లోనూ పట్టణ పేదల పనులు చూసేది మెప్మా. మున్సిపల్ ఆఫీసులో మెప్మా వాళ్లెక్కడని అడగండి. షెల్టర్ తలుపు మూసి ఉంటే, ఏ రోజు ఏ టైముకు మూసి ఉందో రాసి కమిషనర్‌కు ఇవ్వండి.

ఇంకొక్కటి. ఇల్లు లేకపోయినా ఓటుంటుంది. ఫారం 6లో మీరు పడుకునే చోటు రాస్తే బూత్ లెవెల్ ఆఫీసరు రాత్రిపూట వచ్చి, మీరు నిజంగా అక్కడే పడుకుంటున్నారా అని చూసుకుంటారు. చిరునామాకు కాగితం రుజువు అడగకూడదు. అడిగితే, ఇల్లు లేనివాళ్లకు అది అక్కర్లేదని ఎన్నికల సంఘమే చెప్పిందని గట్టిగా చెప్పండి.