మంచు పైన ఒకరు, మంచు కింద ఒకరు

అందరికీ నమస్కారం. చెన్నైలో వేళచ్చేరి నుంచి తాంబరం వెళ్లే దారిలో, పల్లికరణైలో, జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ బోర్డు మీలో చాలామంది చూసే ఉంటారు. సముద్రపు నీటి తీరును కొలిచే ఇండార్క్ అనే పరికరాల వ్యవస్థ తయారీలో వాళ్ల చెయ్యి ఉంది. 2014లో దాన్ని ఉత్తర ధ్రువం వైపు, ఆర్కిటిక్‌లో ఉన్న నార్వే దీవులు స్వాల్‌బార్డ్ దగ్గర సముద్రంలో దించారు. అక్కడ ఊరు దాటేవాళ్లు తుపాకీ వెంట పెట్టుకుంటారు. ధ్రువపు ఎలుగుబంటి భయం మరి.

ఆ ఎలుగును, డయాటమ్ అనే నాచును పక్కపక్కన పెట్టి చూద్దాం. మగ ఎలుగు 400, 500 కిలోలు తూగుతుంది. డయాటమ్‌ను చూడాలంటే మైక్రోస్కోపు కావాలి.

సముద్రపు నీరు గడ్డకట్టేటప్పుడు ఉప్పును బయటికి నెట్టేస్తుంది. ఆ చిక్కటి ఉప్పునీరు మంచులోనే సన్నటి కాలువలు చేసుకుని ఉండిపోతుంది. డయాటమ్‌ల కాపురం అందులోనే. నెలల తరబడి చీకటి. వసంతంలో సూర్యుడు తిరిగొచ్చాక, మంచు దాటి ఒక శాతం కన్నా తక్కువ వెలుగు దిగినా సరే, పెరగడం మొదలుపెడతాయి. మంచు అడుగుభాగం గోధుమ రంగుకు తిరుగుతుంది. మెలోసిరా ఆర్కిటికా అనే రకమైతే మీటర్ల పొడవు పోగులై నీళ్లలోకి వేలాడుతుంది.

ఈ నాచును కోపిపాడ్లనే చిట్టి జీవులు తిని ఒంట్లో కొవ్వు పోగేసుకుంటాయి. వాటిని ఆర్కిటిక్ కాడ్ చేప, చేపను సీల్ తింటాయి. సీల్ ఊపిరి కోసం మంచులో కన్నం ఉంచుకుంటుంది. దాని పక్కన ఎలుగు గంటల తరబడి కదలకుండా కూర్చుంటుంది. అచ్చం కొంగజపమే! దొరికితే ముందు తినేది కొవ్వునే.

ఒక్కో మెట్టులో తిన్నదాంట్లో సుమారు పదో వంతే పైకి చేరుతుందని పాఠ్యపుస్తకాల్లో చెప్పే మోటు లెక్క. నాచు నుంచి ఎలుగు దాకా నాలుగు మెట్లు; అలా చూస్తే ఎలుగు ఒంట్లో కిలో పెరగాలంటే కింద పది టన్నుల నాచు కావాలి. ఇది లెక్కకే పరిమితం కాలేదు. మంచులో బతికే కొన్ని డయాటమ్‌లు తయారుచేసే ప్రత్యేకమైన కొవ్వు పదార్థం ఎలుగుల కాలేయంలో దొరికింది. కెనడా ఆర్కిటిక్ ఎలుగుల మీద 2018లో వచ్చిన పరిశోధన ప్రకారం వాటి ఒంట్లోని కార్బన్‌లో సగటున 86 శాతం మంచు నాచు నుంచే వచ్చింది. నాకు ఎలుగు ఫోటోల కన్నా ఈ అంకె మీదే మోజు ఎక్కువ.

మంచు కరిగితే ఇద్దరికీ ఒకే గతి అనుకుంటాం. అలా కాదు. మంచు పోయిన చోట వెలుగు ఎక్కువ దిగి, నీళ్లలో తేలే నాచు పెరుగుతోంది. అంటే మేత పూర్తిగా మాయమవదు. కానీ ఎలుగుకు కూర్చుని వేటాడే నేల ఉండదు. వేరేదేదైనా తినొచ్చు కదా అంటారా? స్వాల్‌బార్డ్‌లో ఒడ్డుకు చేరిన ఎలుగులు పక్షుల గుడ్లు తింటున్నాయి. గుడ్లు దొరికేది వేసవిలో కొన్ని వారాలే. అవి అయిపోయాక మళ్లీ సీల్ కొవ్వే కావాలి, దానికి మళ్లీ మంచే కావాలి.