చేతులకు తాడు, కాగితం మీద సంతకం: పాగన్ పెళ్ళిళ్ళపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. స్కాట్లాండ్‌లో పాగన్ పద్ధతి పెళ్ళిళ్ళు, అంటే ప్రకృతిని, క్రైస్తవానికి ముందరి దేవతలను కొలిచేవాళ్ళ పెళ్ళిళ్ళు జరిపించే మేడమ్ లైన్‌లో ఉన్నారు. గుంటూరు నుంచి కాలర్, చెప్పండమ్మా.

గుంటూరు కాలర్: నమస్తే అండీ. మా అమ్మాయికి గ్లాస్గోలో ఉద్యోగం. అక్కడి అబ్బాయినే చేసుకుంటానంది, సరే అన్నాం. ఇప్పుడు అబ్బాయి వాళ్ళు చేతులకు తాడు కట్టే పెళ్ళి, హ్యాండ్‌ఫాస్టింగ్ అంటున్నారు. మా ఆడపడుచేమో అది ఏడాది మీద ఒక్క రోజుకే పెళ్ళి, తర్వాత ఎవరి దారి వాళ్ళదే అంటోంది. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు.

మేడమ్: అమ్మా, టెన్షన్ పడకండి. పాత స్కాట్లాండ్‌లో హ్యాండ్‌ఫాస్టింగ్ అంటే చేతిలో చెయ్యేసి మాట ఇచ్చుకోవడం, మన నిశ్చితార్థం లాంటిది. ఏడాది పెళ్ళి కథ వాల్టర్ స్కాట్ 1820లో రాసిన నవలతో బాగా పాకింది. అలాంటి పెళ్ళి చట్టంలో ఉన్నట్టు చరిత్రకారులకు ఆధారం దొరకలేదు. ఈ కాలం పాగన్లలో కొందరు ఏడాదికని ప్రమాణం చేసుకునే మాట నిజమే. మీ పిల్లలు ఏమని ప్రమాణం చేస్తున్నారో వాళ్ళనే అడగండి.

యాంకర్: తాడు ఎలా కడతారు మేడమ్?

మేడమ్: ఇద్దరూ చేతులు పట్టుకుంటారు. ఒక్కో ప్రమాణానికి మణికట్ల మీదుగా ఒక్కో చుట్టు. చివర్లో కొసలు పట్టుకుని చేతులు మెల్లగా లాగితే ముడి పడుతుంది. దాన్ని విప్పకుండా పెట్టెలో దాచుకుంటారు. నూలు తాడు వాడండి, రెండు మీటర్లు. ఒకసారి నేను చేయించిన పెళ్ళిలో శాటిన్ రిబ్బన్ జారి గడ్డిలో పడిపోయింది. పెళ్ళికూతురు ఒకటే ఏడుపు.

గుంటూరు కాలర్: నా పెళ్ళి చీర చిరిగిపోతోందండీ. దాని అంచు కత్తిరించి తాడుతో కలిపి అల్లితే తప్పా?

మేడమ్: తప్పేముందమ్మా! రెండో పేటకు అబ్బాయి వాళ్ళ టార్టన్, అంటే స్కాట్లాండ్ గళ్ళ గుడ్డ అడగండి.

గుంటూరు కాలర్: అయితే ఏడాదయ్యాక మళ్ళీ...

మేడమ్: లేదమ్మా, లేదు! పెళ్ళి నిలిచేది కాగితం మీద. కనీసం 29 రోజుల ముందు రిజిస్ట్రార్‌కి నోటీసు, జరిపించేవాళ్ళకు ప్రభుత్వ అనుమతి, ఇద్దరు సాక్షులు, అందరి సంతకాలు, తర్వాత మూడు రోజుల్లో ఆ సంతకాల కాగితం రిజిస్ట్రార్‌కి వెనక్కి అందాలి. సంతకం లేని ముడి పెళ్ళి కాదు.

యాంకర్: థాంక్యూ అమ్మా. లెస్టర్ నుంచి...

లెస్టర్ కాలర్: ఇక్కడ ఇంగ్లండ్‌లో చెల్లుతుందా మేడమ్? కార్డు మీద వేల ఏళ్ళ ఆచారం అని వేయిస్తున్నాం.

మేడమ్: ఒక్క హ్యాండ్‌ఫాస్టింగే అయితే చెల్లదు బాబూ. రిజిస్టర్ ఆఫీసులో చేసుకుని, తోటలో తాడు కట్టించుకోండి. సంతకం లేని ముడి పెళ్ళి కాదు. కార్డు మీద అలా వేయించకండి. ఇప్పటి పాగన్ తంతు 1950ల్లో జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఇంగ్లండ్ ఆయన విక్కా అనే కొత్త పాగన్ మతాన్ని జనంలోకి తెచ్చాక రూపు కట్టింది. కొత్తదని చెప్పుకుంటే విలువేం తగ్గదు.

యాంకర్: హైదరాబాద్, త్వరగా.

హైదరాబాద్ కాలర్: ఈ పెళ్ళిలో జంట చీపురు మీంచి దూకాలట మేడమ్. మా నానమ్మ చీపురు కాలికి తగిలితేనే ఊరుకోదు!

మేడమ్: వేల్స్‌లో, రొమానీ అనే సంచార జనంలో ఉన్న అలవాటు అది. చీపురును తొక్కరు, దాటతారు. నానమ్మగారికి ముందే చెప్పండి. ఇష్టం లేదంటే మానేయండి. తడి గడ్డి మీద హీల్స్‌తో మాత్రం వద్దు.

యాంకర్: టైమ్ అయిపోయింది. మేడమ్, థాంక్యూ.

మేడమ్: ఒక్క మాట. ఆ గుంటూరు అమ్మగారు వింటుంటే, అల్లేముందు చీర అంచులో జరీని లోపలికి మడిచి కుట్టించమనండి. పిల్ల మణికట్టు గీసుకుపోతుంది.