మజిలీల దారి: సర్రే పల్లెల్లో మహిళల సైకిలు యాత్ర

అందరికీ నమస్కారం. మహిళా విభాగం వారు నన్ను "సైకిలు, ఆరోగ్యం" అనే అంశం మీద మాట్లాడమన్నారు. ఆరోగ్యం గురించి నాకంటే బాగా చెప్పగల డాక్టర్లు, నర్సులు ఈ గదిలో రెండు వరుసల నిండా ఉన్నారు. ఆ భాగం వాళ్లకే వదిలేస్తున్నాను. వేసవిలో మనం ఇంగ్లండ్‌లోని సర్రే పల్లెల్లో వెళ్లబోయే ఒకరోజు సైకిలు యాత్ర గురించి, అందులోనూ ముఖ్యంగా ఆగడం గురించి మాట్లాడతాను.

ఆగడం ఎందుకంటే, మహిళల బృందాలను సైకిళ్ల మీద తీసుకెళ్లే పనిలో ఉన్నప్పటి నుంచి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలన్నీ దాని గురించే. వెనకబడితే నా కోసం ఎవరైనా ఆగుతారా? దారిలో మరుగుదొడ్డి ఉందా? మధ్యాహ్నం ఎక్కడ తింటాం? ఇక నా వల్ల కాదు అనిపిస్తే ఇంటికి ఎలా చేరాలి? గంటకు ఎన్ని మైళ్లు అని అడిగేది సాధారణంగా వాళ్ల భర్తలు.

మొదటి ప్రశ్నకు జవాబు ముందుగా చెబుతాను. మా బృందంలో దారి తెలిసిన ఒకరు ముందుంటారు, అనుభవం ఉన్న ఇంకొకరు అందరికన్నా చివర ఉంటారు. చివరి మనిషిని దాటి ఎవరూ వెనక మిగలరు. మలుపు వచ్చినప్పుడల్లా ముందున్నవాళ్లు ఆగుతారు. ఇంతవరకు అన్ని బృందాలూ చేసేదే. అసలు చిక్కు ఆ తర్వాత వస్తుంది. ముందు చేరినవాళ్లు అయిదు నిమిషాలు నీడలో నిలబడి, నీళ్లు తాగి, ఫొటోలు దిగి ఉంటారు. చివరి మనిషి రొప్పుతూ వచ్చి కాలు నేల మీద పెట్టగానే, "సరే, అందరూ వచ్చేశారు, పదండి" అంటారు. అంటే అందరికన్నా అలసిన మనిషికి అందరికన్నా తక్కువ విశ్రాంతి. ఆమె మరుసటి నెల రాదు. "సైకిలు నాకు పడదు" అని ఇంట్లో చెప్పేస్తుంది. పడనిది సైకిలు కాదు, ఆ లెక్క. అందుకే మా దగ్గర గడియారం చివరి మనిషి వచ్చాకనే మొదలవుతుంది. ఆమె నీళ్లు తాగి, ఊపిరి తీసుకుని, సరేనన్నాకనే బయలుదేరతాం.

బ్రిటిష్ సైక్లింగ్ సంస్థ 2011లో "బ్రీజ్" పేరుతో మహిళలకు మాత్రమే ఉచిత యాత్రలు మొదలుపెట్టింది. వాటిని నడిపేది శిక్షణ పొందిన మహిళా వాలంటీర్లే. స్త్రీలకు విడిగా ఎందుకని కొందరు అడుగుతారు. ఏ మిశ్రమ బృందంతోనైనా ఒక ఆదివారం వెళ్లి, టీ దగ్గర ఎంతసేపు కూర్చోనిచ్చారో చూసి రండి, తర్వాత మాట్లాడుకుందాం.

మన దారి వోకింగ్‌లో మొదలవుతుంది. మొత్తం 30 నుంచి 40 కిలోమీటర్లు, పెద్ద ఎత్తులు లేవు. వోకింగ్ స్టేషనుకు దగ్గరలోనే ఉన్న షాజహాన్ మసీదు మీలో చాలామంది చూసే ఉంటారు. 1889లో కట్టారు, బ్రిటన్‌లో మసీదుగానే కట్టిన మొట్టమొదటి భవనం. ఖర్చులో పెద్ద భాగం ఇచ్చింది భోపాల్‌ను ఏలిన షాజహాన్ బేగం. సముద్రాలు దాటి వచ్చినవాళ్లకు ఒక చోటు ఉండాలని మన దేశపు రాణి ఒకరు ఇక్కడ డబ్బు పెట్టారు. అక్కడే కలుసుకుని బయలుదేరదాం.

పిర్‌ఫర్డ్‌లో చిన్న గుట్ట మీద నార్మన్ల కాలపు చర్చి ఉంది. అక్కడి నుంచి కిందికి చూస్తే వే నది పక్క పచ్చికలో న్యూవార్క్ మఠం శిథిలాలు కనిపిస్తాయి. ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దు చేసినప్పటి నుంచి అవి అలా పైకప్పు లేకుండా నిలిచి ఉన్నాయి. ప్రైవేటు పొలంలో ఉన్నాయి కాబట్టి రోడ్డు మీద నుంచి చూసి ముందుకు సాగడమే. ఆ నది వెంట ఉన్న కాలువ 1653లో పడవలకు తెరిచినది. కాలువ గట్టు సన్నగా ఉంటుంది, నడిచేవాళ్లు, కుక్కలు, చేపలు పట్టేవాళ్లు అందరూ అక్కడే. ఇంతమందితో అటు వెళ్లడం మర్యాద కాదు. రోడ్డు మీదే పోదాం.

ఇక రిప్లీ. ఇక్కడ కాస్త నిదానించాలి. 1880లు, 90లలో లండన్ నుంచి సైకిళ్లు తొక్కేవాళ్లంతా ఆదివారం వచ్చి చేరిన ఊరు ఇది. పోర్ట్స్‌మత్ రోడ్డు మీద, లండన్‌కు 40 కిలోమీటర్ల లోపు దూరం. పొద్దున బయలుదేరితే వచ్చి, తిని, సాయంత్రానికి తిరిగి వెళ్లగల ఊరు. కానీ దూరం సరిపోయిన ఊళ్లు చాలా ఉన్నాయి. ఈ ఊరే ఎందుకంటే, ఇక్కడ "యాంకర్" అనే సత్రం ఉంది, దాన్ని నడిపే డిబుల్ కుటుంబం ఉంది. యానీ, హారియెట్ అనే అక్కచెల్లెళ్లు దుమ్ము కొట్టుకుని వచ్చినవాళ్లను ముఖం చిట్లించకుండా లోపలికి రానిచ్చారు, కడుపు నిండా పెట్టారు. ఊరి చర్చిలో ఆ అక్కచెల్లెళ్ల స్మృతికి రంగు అద్దాల కిటికీ ఉంది. పందేలు గెలిచినవాళ్లకు కప్పులిస్తారు. అన్నం పెట్టినవాళ్లకు గుడిలో కిటికీ దక్కింది. యాంకర్ ఇప్పటికీ ఉంది.

రిప్లీ నుంచి కాస్త దూరం వెళితే ఆకమ్ అనే పల్లె. అక్కడ హోబోయ్ అనే హోటల్ ఉండేది. 1898 అక్టోబరులో లేడీ హార్బర్టన్ అనే ఆమె ఒంటరిగా సైకిలు మీద వచ్చి మధ్యాహ్న భోజనం అడిగారు. ఆమె అప్పటి పొడవు గౌను వేసుకోలేదు. మోకాళ్ల కింద కుచ్చుపెట్టిన వదులు లాగు, దాని మీద పొడవు కోటు వేసుకున్నారు. ఆడవాళ్లు ఇలాంటి సదుపాయమైన బట్టలు వేసుకోవాలని ఏళ్ల తరబడి ప్రచారం చేసిన మనిషే ఆమె. హోటల్ యజమానురాలు శ్రీమతి స్ప్రేగ్ ఆ బట్టలు చూసి, భోజనాల గదిలోకి రానివ్వలేదు. కావాలంటే బారు పక్క గదిలో కూర్చోమన్నారు. అక్కడ మగవాళ్లు చుట్టలు కాలుస్తూ తాగుతున్నారు. లేడీ హార్బర్టన్ తినకుండా వెళ్లిపోయారు.

ఆ హోటల్ గోడకు సైక్లిస్ట్స్ టూరింగ్ క్లబ్ బోర్డు ఉండేది. క్లబ్ సభ్యులను ఆదరిస్తామని ఒప్పందం. 1878లో పుట్టిన ఆ క్లబ్బే ఇప్పటి సైక్లింగ్ యూకే. క్లబ్ కేసు వేసింది. ప్రయాణికులకు భోజనం నిరాకరించడం సత్రం నడిపేవాళ్లకు అప్పట్లో చట్టరీత్యా తప్పు. 1899 ఏప్రిల్‌లో కింగ్‌స్టన్‌లో విచారణ జరిగింది. క్లబ్ ఓడిపోయింది. వేరే గదిలో పెడతామన్నారు కదా, నిరాకరించినట్టు ఎలా అవుతుందని జ్యూరీ తేల్చింది.

ఈ తీర్పు వినగానే మనకు కొత్తగా ఏమీ అనిపించదు. పెట్టలేదా, పెట్టారు. ఎక్కడ కూర్చోబెట్టి పెట్టారన్నది ఎవరికీ పట్టదు. వంటింటి గడప దగ్గర, అందరూ తిన్నాక, మిగిలిన దానితో తిన్న ఆడవాళ్లను మన ఇళ్లలో మనం చూశాం. మరో సంగతి, స్ప్రేగ్ కూడా ఆడమనిషే, సొంతంగా హోటల్ నడుపుకుంటున్న ఆడమనిషి. కాస్త దూరంలో, రిప్లీలోని డిబుల్ అక్కచెల్లెళ్లూ ఆడవాళ్లే. కనుక ఆడవాళ్లంతా ఒకటే అనే ఉపన్యాసం నేను ఇవ్వను.

బట్టల గొడవ లేడీ హార్బర్టన్‌తో మొదలు కాలేదు. 1893లో టెస్సీ రెనాల్డ్స్ అనే పదహారేళ్ల అమ్మాయి బ్రైటన్ నుంచి లండన్‌కు వెళ్లి, తిరిగి వచ్చింది. దాదాపు 190 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటల్లో. పత్రికలకు ఆ వేగం కన్నా ఆమె వేసుకున్న లాగు పెద్ద వార్త అయింది. మీకు నా సలహా ఒక్కటే: చున్నీ ఇంట్లో వదిలి రండి, గొలుసులో చుట్టుకుంటుంది. మిగతాది మీ ఇష్టం.

మన సాఫ్ట్‌వేర్ వాళ్ల కోసం ఒక పక్కమాట. హోబోయ్ భవనం కట్టించింది లవ్‌లేస్ ప్రభువు. కంప్యూటర్లకు ముత్తాతలాంటి బాబేజ్ లెక్కల యంత్రం గురించి 1843లో ఆ ప్రసిద్ధమైన వివరణలు రాసిన అడా లవ్‌లేస్ ఆయన భార్య. హోటల్ కట్టేనాటికి ఆమె లేరు. ఆకమ్‌లోనూ, తర్వాత మనం వెళ్లే ఈస్ట్ హార్స్‌లీలోనూ వాళ్ల ఇళ్లు ఉండేవి. ఈ గదిలో సగం ఇళ్లకు అన్నం పెడుతున్న వృత్తి కాబట్టి, అక్కడ ఒక నిమిషం సైకిలు దిగినా తప్పు లేదు.

దారుల గురించి త్వరగా చెబుతాను. పల్లె రోడ్లు ఒక్క కారు పట్టేంత వెడల్పు, రెండు పక్కలా నిలువెత్తు పొదల కంచెలు. ఎదురుగా వచ్చేది మలుపు తిరిగేదాకా కనిపించదు. ముందున్నవాళ్లు కారు చూస్తే గట్టిగా కేకవేస్తారు, ఆ కేక వెనక్కి అందించాలి. ఇద్దరు పక్కపక్కన తొక్కవచ్చని ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్ చెబుతుంది. 2022లో సవరించిన కోడ్ ప్రకారం, గంటకు 30 మైళ్లలోపు వేగంతో మనల్ని దాటే కారు కనీసం 1.5 మీటర్ల ఎడం పాటించాలి. మనం కూడా గుర్రాల విషయంలో అంతే జాగ్రత్తగా ఉండాలి. వేగం తగ్గించి, దూరం నుంచే పలకరించి, రౌతు సరేనన్నాక దాటాలి. కాలిబాట అని బోర్డు ఉన్నచోట తొక్కే హక్కు లేదు. గుర్రపు దారుల మీద మాత్రం 1968 చట్టం నుంచి సైకిళ్లకు హక్కు ఉంది, గుర్రాలకూ నడిచేవాళ్లకూ దారి ఇవ్వాలి.

ఆ కంచెల్లో ఎక్కువగా ఉండేది హాథార్న్ అనే ముళ్లచెట్టు. పక్షులు గూళ్లు పెట్టే కాలం దాటాక, శరదృతువులో వాటిని యంత్రంతో కత్తిరిస్తారు. ముళ్లన్నీ రోడ్డు మీదే. మన తుమ్మముల్లుకు ఏమీ తీసిపోదు. అందుకే యాత్ర జూన్‌లో పెట్టాం. అయినా ప్రతివాళ్లూ తమ చక్రానికి సరిపోయే ట్యూబు ఒకటి తెచ్చుకోవాలి. కొలత టైరు పక్కనే ముద్రించి ఉంటుంది. పంపు, పనిముట్లు మా దగ్గర ఉంటాయి.

భోజనం సంగతి. కెఫేలో బల్ల దగ్గర కూర్చుని మన డబ్బా తెరవడం బాగుండదు, వాళ్ల వ్యాపారం అది. పులిహోర, దద్ధోజనం తెచ్చుకునేవాళ్ల కోసం రిప్లీలో విశాలమైన ఊరి పచ్చిక ఉంది, అక్కడ కూర్చుందాం. టీకి, కేకుకు, మరుగుదొడ్డికి కెఫే. వెళ్లేముందే ఫోను చేసి ఎంతమంది వస్తున్నామో చెబుతాను. పదిహేను మంది హెల్మెట్లతో ఒక్కసారిగా తలుపు తోసుకుని వస్తే డిబుల్ అక్కచెల్లెళ్లకైనా కంగారే.

చివరి ప్రశ్న, మధ్యలో చాలనిపిస్తే. హార్స్‌లీలో రైల్వే స్టేషను ఉంది, తిరుగు దారిలో క్లాండన్‌లో ఇంకొకటి. అక్కడ రైలెక్కి గిల్‌ఫర్డ్‌లో దిగితే, వోకింగ్‌కు ఇంకో రైలు. సగం దారి తొక్కి రైలెక్కిన మనిషిని మా బృందంలో ఎవరూ ఎగతాళి చేయరు. ఆమెతో స్టేషను దాకా ఒకరు వెళతారు.

పేర్లు ఇవ్వదలచినవాళ్లు గుమ్మం దగ్గరున్న కాగితంలో రాయండి. పక్కన "సైకిలు ఉంది", "లేదు" అని రెండు గడులున్నాయి. లేదని రాసినవాళ్లకు అద్దెకు దొరికే చోటు చెబుతాను. బాబాయిలు పేర్లు రాయనక్కర లేదు, ఆ రోజు పిల్లల్ని చూసుకుంటే చాలు. ఇప్పుడు ప్రశ్నలు అడగండి.