ఆ బిడ్డకు పేరెందుకు పెట్టలేదు?

అందరికీ నమస్కారం. సినిమా అయిపోయి లైట్లు వేశాక కాసేపు ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత వెనక వరుసలోంచి ఒకాయన "ఇంతకీ దీని అర్థమేంటండీ?" అన్నారు. తిన్నగా జవాబు చెప్పడం నా వల్ల కాదు గానీ, నాకు కనిపించిందేదో చెబుతాను.

'ఇరేజర్‌హెడ్' 1977లో వచ్చింది. డేవిడ్ లించ్ తీసిన మొదటి పూర్తి నిడివి సినిమా. లాస్ ఏంజెలెస్‌లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థిగా ఉన్నప్పుడు, 1972లో షూటింగ్ మొదలుపెట్టాడు. స్క్రిప్టు ఇరవై పేజీల పైచిలుకు, అంతే. డబ్బు అయిపోవడం, ఆగడం, మళ్లీ మొదలుపెట్టడం, ఇలా ఐదేళ్లు లాగింది. కథానాయకుడు హెన్రీ తలుపు తీసే షాట్‌కీ, లోపలికి అడుగుపెట్టే షాట్‌కీ మధ్య ఏడాదిన్నర గడిచిందని లించ్ చెప్పేవాడు. హెన్రీగా వేసిన జాక్ నాన్స్ నిక్కబొడుచుకున్న ఆ జుట్టును అన్నేళ్లూ అలాగే కాపాడుకున్నాడు, పాపం. ఈ మధ్యలోనే లించ్‌కు భార్యతో విడాకులయ్యాయి. రాత్రిళ్లు పేపర్లు వేస్తూ, కొంతకాలం ఆ సెట్‌లోనే, హెన్రీ గదిలోనే పడుకున్నాడు. బయటపడలేని గది గురించి సినిమా తీస్తూ అందులోనే కాపురం పెట్టాడన్నమాట.

అంతకుముందు సంగతి కూడా ఒకటుంది. ఫిలడెల్ఫియాలో బొమ్మలు వేసుకుంటున్న రోజుల్లో, 1968లో, అతనికి కూతురు పుట్టింది. అప్పటికి అతనికి 22 ఏళ్లు. పాప పాదాలు వంకరగా ఉండటంతో వైద్యం చేయించాల్సి వచ్చింది. వాళ్లు ఉన్నది ఫ్యాక్టరీల మధ్య, గొడవలూ నేరాలూ ఉన్న పేటలో. తండ్రికి అప్పట్లో సంసారం పెట్టుకునే ఉద్దేశమే లేదని ఆ కూతురు జెనిఫర్ పెద్దయ్యాక తనే చెప్పింది. అయితే ఈ ఒక్క తాళంచెవితో సినిమా మొత్తం తెరుచుకుంటుందని నేను అనుకోను.

చాలామంది దీన్ని పొడుపుకథలా విప్పుతారు. గదిని వెచ్చబెట్టే రేడియేటర్‌లో పాడే ఆవిడ అంటే చావు, గ్రహం మీద లివర్లు లాగేవాడు దేవుడు, ఆ పురుగుల్లాంటివి వీర్యకణాలు. కావచ్చు. కానీ పొడుపుకథ విప్పేశాక దాంతో ఇక పనేముంటుంది? నన్ను అడిగితే బొమ్మల అర్థాలు పక్కనపెట్టి, మనుషులు ఏం చేస్తున్నారో చూడమంటాను.

హెన్రీ ప్రియురాలు మేరీ వాళ్లింట్లో భోజనం సీన్ చూడండి. ఇందాక మీరంతా నవ్వింది అక్కడే. కాబోయే అల్లుణ్ని భోజనానికి పిలవడం, హాల్లో ఆ ఇబ్బందైన మౌనం, ఏం మాట్లాడాలో తెలియని మామగారు, ఇవన్నీ మనకు తెలియనివా? వండిన బుల్లి కోడిని కోయమని హెన్రీకి ఇస్తారు. కత్తి పెట్టగానే అది కాళ్లాడిస్తూ నల్లటి రక్తం కక్కుతుంది. తర్వాత అత్తగారు అతణ్ని ఒక మూలకు నెట్టి నిలదీస్తుంది. ఆస్పత్రిలో బిడ్డ ఉందని ఆవిడ అనగానే మేరీ ఏడుస్తూ, అది బిడ్డో కాదో వాళ్లకే ఇంకా తెలీదమ్మా అంటుంది. హెన్రీకి ముక్కులోంచి రక్తం కారుతుంది. పెళ్లంటే నీకేం అభ్యంతరం లేదు కదా అని మేరీ అడిగితే, లేదంటాడు. తండ్రి కావడానికి అతను ఇచ్చిన ఒప్పుకోలు మొత్తం ఆ ఒక్క మాటే. అసలు మేరీని అయితే ఆ మాత్రం కూడా ఎవరూ అడగలేదు.

బిడ్డ ఇంటికొచ్చింది, మనిషి పోలికే లేని ఆ వింత బిడ్డ. పేరు పెట్టారా? లేదు. మన ఇళ్లలో అయితే బారసాల చేసి, బియ్యంలో పేరు రాసి, చెవిలో చెబుతాం. ఇక్కడ చివరిదాకా దానికి పేరు లేదు. తమాషా ఏంటంటే, యూనిట్‌లో వాళ్లు మాత్రం బిడ్డగా చూపించిన ఆ బొమ్మను 'స్పైక్' అని పిలుచుకునేవారట. తల్లిదండ్రులు చేయని పని సినిమావాళ్లు చేశారు.

నాకు ఈ సినిమా రహస్యం ఇక్కడే ఉందనిపిస్తుంది. ఇందులో భయపెట్టేది బిడ్డ రూపం కాదు. ప్రేమ పుట్టకముందే బాధ్యత వచ్చి మంచం పక్కన కూర్చోవడం. నిద్రలేక మేరీ పుట్టింటికి పోతుంది. హెన్రీ మిగులుతాడు. జ్వరం చూస్తాడు. ఇటు తిరిగి చూసేసరికి బిడ్డ ఒళ్లంతా పొక్కులు. అయ్యో, నీకు ఒంట్లో బాగాలేదే అంటాడు, ఆవిరి పెట్టి పక్కనే కూర్చుంటాడు. అతను చెడ్డ తండ్రేం కాదు. చేయాల్సిందంతా చేస్తున్నాడు, చేయాలనిపించడం ఒక్కటే లేదు. బయటికి వెళ్దామని తలుపు తీస్తే ఏడుపు. మూస్తే ఆగుతుంది. మళ్లీ తీస్తే మళ్లీ ఏడుపు. అలన్ స్ప్లెట్, లించ్ కలిసి చేసిన శబ్దం గమనించారా? ఆ హోరు ఒక్క నిమిషం ఆగదు. పసిపిల్లలున్న ఇంట్లో రాత్రి గడిపినవాళ్లకు తెలుస్తుంది, ఏడుపు ఆగాక కూడా చెవిలో అదే మోగుతుంటుంది.

ఇక కత్తెర. బిడ్డ ఒంటికి చుట్టిన కట్లను హెన్రీ కత్తిరిస్తాడు. అవి బట్టలనుకుంటాం, అతనూ అలాగే అనుకుని ఉంటాడు. కానీ ఆ కట్లే దాని చర్మం. విప్పగానే లోపలి అవయవాలన్నీ బయటపడతాయి. దాన్ని చంపాలనుకున్నాడా, లేక ఒక్కసారైనా లోపల ఏముందో చూడాలనుకున్నాడా? నేను ఈ సినిమా చూసిన ప్రతిసారీ ఒక్కో జవాబు అనుకున్నాను.

తను తీసినవాటిలో అత్యంత ఆధ్యాత్మికమైనది ఇదేనని లించ్ అనేవాడు. షూటింగ్ రోజుల్లో దారి తెలియక బైబిల్ తిరగేస్తే ఒక వాక్యం దొరికిందట, దాంతో సినిమా మొత్తం అర్థమైందట. ఏ వాక్యమో 2025లో పోయేదాకా చెప్పలేదు. ఆ బిడ్డ బొమ్మను ఎలా తయారుచేశారో కూడా చెప్పలేదు.

సరే, నేను చాలాసేపు మాట్లాడాను. మూడో వరుసలో చివరన కూర్చున్నావిడ, మీరు పొక్కుల సీన్‌లో లేచి బయటికి వెళ్లారు, కత్తెర సీన్‌కి తిరిగొచ్చారు. ఎందుకొచ్చారో చెప్తారా? మైకు అందించండి.