502 వస్తే సాకెట్‌నే కాదు, దాని దారినీ చూడండి

[స్క్రీన్‌పై: బ్రౌజర్‌లో 502 బ్యాడ్ గేట్‌వే]

అమీర్‌పేట హాస్టల్ రూమ్‌లో అర్ధరాత్రి దాకా కూర్చుని జాంగో వెబ్ ప్రాజెక్ట్‌ని సర్వర్‌కి ఎక్కించి, చివరికి ఈ పేజీ చూసి తల పట్టుకున్నవాళ్ళ కోసం ఈ వీడియో. జాంగో కోడ్‌ని నడిపే గూనికార్న్ నడుస్తోంది, బ్రౌజర్ రిక్వెస్ట్‌ని అందుకుని దానికి పంపే ఇంజిన్‌ఎక్స్ నడుస్తోంది. మధ్యలో, ఈ రెండూ మాట్లాడుకునే సాకెట్ ఫైల్ దగ్గర మాట ఆగిపోయింది.

ముందు ఇంజిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్ తెరిచి, చివరి లైన్లో బ్రాకెట్‌లో ఉన్న అంకె చూడండి. 2 అయితే అక్కడ ఫైలే లేదు. 111 అయితే ఫైలుంది, అవతల వినేవాళ్ళు లేరు. 13 అయితేనే పర్మిషన్ గొడవ. మనది 13.

ఇక్కడే చాలామంది సాకెట్ మీద సీహెచ్‌మోడ్ 777 (అందరికీ అన్ని పర్మిషన్లూ ఇచ్చే కమాండ్) కొట్టేస్తారు. దయచేసి వద్దు. గూనికార్న్ ఉమాస్క్ (కొత్త ఫైల్ పర్మిషన్లలోంచి ఏవి తీసేయాలో చెప్పే అంకె) డిఫాల్ట్‌గా 0 కాబట్టి, అది తయారుచేసే సాకెట్ ఎలాగూ 777తోనే పుడుతుంది. తెరిచే ఉన్న తలుపుని మళ్ళీ తెరుస్తున్నారన్నమాట.

[టెర్మినల్: నేమ్‌ఐ కమాండ్, హైఫన్ ఎల్, సాకెట్ పూర్తి పాత్]

అన్నిటికన్నా పైనుండే రూట్ ఫోల్డర్ నుంచి సాకెట్ దాకా ఒక్కో మెట్టూ ఒక్కో లైన్లో వచ్చింది. మీ యూజర్ ఫోల్డర్ లైన్ చూడండి. పర్మిషన్లలో చివరి మూడూ గీతలే. అంటే 750, బయటి యూజర్లకి ఏ పర్మిషనూ లేదు. ఉబుంటు 21.04 నుంచి కొత్త యూజర్ల హోమ్ ఫోల్డర్ ఇలాగే వస్తుంది. ఇంజిన్‌ఎక్స్ పనిచేసేదేమో డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా యూజర్ కింద. అపార్ట్‌మెంట్ ఐదో ఫ్లోర్లో ఫ్లాట్ తలుపు బార్లా తీసి పెట్టినా, కింద వాచ్‌మన్ గేట్ తీయకపోతే డెలివరీ అబ్బాయి పైకి ఎలా వస్తాడు? సాకెట్ మీద రైట్ పర్మిషన్ ఉంటే చాలదు. దారిలోని ప్రతి ఫోల్డర్ మీదా ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఉండాలి.

హోమ్ ఫోల్డర్‌ని అందరికీ తెరవడం నాకు ఇష్టం లేదు. అందులో మీ కీలు, పాస్‌వర్డ్ ఫైళ్ళు ఉంటాయి. సాకెట్‌నే రూట్ కింద ఉండే రన్ ఫోల్డర్‌లోకి మార్చండి. అక్కడ చేత్తో ఫోల్డర్ చేయకండి, రన్ మెమరీలో ఉంటుంది, రీబూట్ అయితే పోతుంది. సర్వర్‌లో సర్వీసులని నడిపేది సిస్టమ్‌డీ; గూనికార్న్ కోసం దానికి రాసిన సర్వీస్ ఫైల్‌లో రన్‌టైమ్‌డైరెక్టరీ అని ఒక్క లైన్ రాస్తే, సర్వీస్ మొదలైన ప్రతిసారీ ఆ ఫోల్డర్‌ని సిస్టమ్‌డీయే చేసిపెడుతుంది. అదే ఫైల్‌లో గ్రూప్ దగ్గర డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా, గూనికార్న్‌కి ఉమాస్క్ 007 ఇవ్వండి. అప్పుడు సాకెట్ 770తో వస్తుంది, బయటి యూజర్లు ముట్టుకోలేరు. ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగ్‌లో కూడా కొత్త పాత్ పెట్టడం మరవద్దు.

గూనికార్న్ బదులు, పీహెచ్‌పీ కోడ్‌ని నడిపే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎమ్ వాడేవాళ్ళకి ఒక మాట: 2014లో భద్రతా లోపం బయటపడ్డాక దాని సాకెట్ డిఫాల్ట్ పర్మిషన్ 0666 నుంచి 0660కి మారింది. కాబట్టి దాని పూల్ కాన్ఫిగ్ ఫైల్‌లో లిజన్ ఓనర్, లిజన్ గ్రూప్ సరిగ్గా రాయాలి.

[టెర్మినల్: డీమన్ రీలోడ్, రెండు సర్వీసుల రీస్టార్ట్, మళ్ళీ నేమ్‌ఐ]

ఈసారి ఏ లైన్లోనూ అడ్డు లేదు. బ్రౌజర్ రిఫ్రెష్ కొడదాం... లాగిన్ పేజీ వచ్చేసింది.