జింకలు చూపిద్దామని వెళితే చిలుకలు ఎదురొచ్చాయి

నమస్కారమండీ. లండన్‌లో జింకలు ఊరి మేకల్లా స్వేచ్ఛగా తిరుగుతాయని ఎవరో చెప్పగా విన్న మా అమ్మ, ఫోన్ చేసిన ప్రతిసారీ "ఒక్కసారి చూపించవే" అని అడుగుతుండడంతో, ఈ అక్టోబరు ఆదివారం పొద్దున్నే రిచ్‌మండ్ పార్కుకు వచ్చాను. ప్రవేశానికి టికెట్ లేదు. బస్సుకు మాత్రం 1.75 పౌండ్లు, అంటే దాదాపు 200 రూపాయలు అయ్యాయి. ఇలా లెక్కకట్టే అలవాటు ఎన్నేళ్లయినా పోవడం లేదు.

పేరుకు పార్కే గానీ, ఇది సుమారు 2,500 ఎకరాల గడ్డిమైదానమూ అడవీ కలిసిన చోటు. మొదటి చార్లెస్ రాజు 1637లో తన వేట కోసం దీని చుట్టూ గోడ కట్టించాడు. ఇప్పుడు వేట లేదు, జింకలు మాత్రం ఆరువందలకు పైగా ఉన్నాయి. శరత్కాలం వాటికి జతకట్టే కాలం కావడంతో, అదిగో ఆ మగ ఎర్రజింక తాను మరింత పెద్దగా కనిపించేందుకు కొమ్ములకు ఎండిన ఫెర్న్ రెమ్మలు చుట్టుకుని, ఆబోతులా రంకె వేస్తోంది. మన కృష్ణజింక కొమ్ములు జీవితాంతం ఉంటాయి కదా, వీటికి ఏటా వసంతంలో ఊడిపోయి మళ్లీ మొలుస్తాయి. కనీసం 50 మీటర్ల దూరంలో ఉండాలన్నది ఇక్కడి నియమం కనుక, ఈ వీడియోలో మీకు జూమ్ చేసే చూపిస్తున్నాను.

ఇంతలో నెత్తిమీద "కీ కీ" అని అరుపులు వినిపించి కెమెరా పైకి తిప్పితే, ఆకులు పసుపుబారిన ఓక్ చెట్టు తొర్రలోంచి తల బయటపెట్టి చూస్తున్నది సాక్షాత్తూ మన రామచిలుక! పంజరాల నుంచి తప్పించుకున్నవీ, జనం వదిలేసినవీ పిల్లాపాపలతో పెరిగి, ఈ చలికి అలవాటుపడి, ముసలి ఓక్ చెట్ల తొర్రల్లో కాపురాలు పెట్టాయి. 2018లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షిగా ప్రకటించిన చిలుక ఇదే. వీసా గడువు గురించి దానికి ఏ బెంగా లేదని చూస్తేనే తెలుస్తోంది.

వెంటనే అమ్మకు వీడియో కాల్ చేశాను. వెనకాల జింక ఎంత రంకె వేసినా ఆవిడ పట్టించుకోలేదు. చిలుకనే తదేకంగా చూసి, "పాపం, అక్కడ జామకాయలు దొరుకుతాయటే దానికి?" అని అడిగింది. ఆపిల్ పండ్లూ, జనం పెరళ్లలో పక్షుల కోసం వేలాడదీసే పల్లీలూ తింటుందని చెప్పాను.

"మరి నువ్వేం తిన్నావు?" అంది.