సెల్లార్‌లోని పాత మౌంటెన్ బైక్‌తో సూర్యలంక దాకా

[దృశ్యం: అపార్ట్‌మెంట్ సెల్లార్. గోడకు ఆనించిన గేర్ల సైకిలు, దుమ్ము, గాలి లేని టైర్లు.]

నమస్కారం. విజయవాడలోనో గుంటూరులోనో ఏ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి వెళ్లినా ఇలాంటి సైకిలు ఒకటి కనిపిస్తుంది. పిల్లవాడు బండి నేర్చుకోగానే గోడకు చేరింది. ఇంట్లోవాళ్లు పాత సామాన్లవాడికి ఇచ్చేద్దామంటున్నారు. దయచేసి ఇవ్వకండి. సామాను కట్టుకుని ఊళ్లు తిరగడానికి, రాత్రికి గుడారం వేసుకోవడానికి దీన్ని మించిన సైకిలు తక్కువ ఖర్చులో దొరకదు.

మౌంటెన్ బైక్ 1970లలో కాలిఫోర్నియా కొండల్లో పుట్టింది. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్ పేరుతో దాన్ని పెద్ద ఎత్తున అమ్మకానికి తెచ్చినప్పుడు ముందు ఫోర్కుకు (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్లకు) షాక్ అబ్జార్బరు లేదు. గట్టి స్టీలు ఫ్రేము, లావు టైర్లు, మూడు ముందు పళ్లచక్రాలు, అంతే. బరువు మోసే యాత్రకు కావలసినవి కూడా అవే. వెనుక చక్రం కాస్త దూరంగా ఉండటం వల్ల క్యారియర్‌కు రెండు వైపులా సంచులు వేలాడదీసినా తొక్కేటప్పుడు మడమ తగలదు. ఎక్కడైనా అతుకు ఊడితే స్టీలును ఊళ్లోని వెల్డింగ్ షాపులోనే అతికిస్తారు. అల్యూమినియంకు ఆ సౌకర్యం లేదు.

పాత చవక షాక్ ఫోర్కులంటే నాకు సదభిప్రాయం లేదు. బరువెక్కువ, లోపల తుప్పు పడుతుంది, ముందు క్యారియర్ బిగించడం కష్టం. షాక్ లేని సైకిలు దొరికితే అదే తీసుకోండి.

[దృశ్యం: టైరు పక్క అచ్చు, బాగా దగ్గరగా: 50-559.]

టైరు కొనేముందు ఈ అంకె చూడండి. 26 అంగుళాల టైర్లన్నీ ఒకటి కావు. 26 x 1.95 అని దశాంశంలో రాసి ఉంటే అది మౌంటెన్ బైక్‌ది. రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం 559 మి.మీ. 26 x 1 3/8 అని భిన్నంలో ఉంటే అది 590 మి.మీ. మామూలు సైకిలు టైరు. రెండింటికీ 31 మి.మీ. తేడా. షాపులో హడావిడిలో రెండోది చేతిలో పెడితే ఇంటికొచ్చాక ఎంత తంటాలు పడినా రిమ్ముకు పట్టదు. మన దారులకు బొడిపెలు తక్కువగా ఉన్న టైరు హాయిగా దొర్లుతుంది. సర్కారు తుమ్మ ముల్లు మాత్రం దేన్నీ వదలదు కాబట్టి రెండు ట్యూబులు, పంపు, సొల్యూషన్, ప్యాచీలు సంచిలో ఉండాలి.

[దృశ్యం: చెయిన్ మీద పన్నెండు అంగుళాల స్కేలు.]

ఇప్పుడు చెయిన్. స్కేలు సున్నాను ఒక పిన్ను మధ్యలో పెట్టండి. సరిగ్గా 12 అంగుళాల దగ్గర మరో పిన్ను మధ్యభాగం రావాలి. అంగుళంలో పదహారో వంతు దాటితే చెయిన్ మార్చండి. ఎనిమిదో వంతు దాకా సాగితే వెనుక పళ్లు కూడా అరిగినట్టే, ఫ్రీవీల్ (వెనుక పళ్లచక్రాల గుత్తి) కూడా మార్చాలి.

వెనుక ఇరుసును చాలామంది చూడరు. బరువు పెట్టేముందు తప్పక చూడవలసింది అదే. పాత సైకిళ్లలో ఫ్రీవీల్ హబ్బుకు (చక్రం నడిమి భాగానికి) మరతో బిగుస్తుంది. అందువల్ల కుడివైపు బేరింగు బాగా లోపలికి ఉండిపోయి, ఇరుసు చివర ఏ ఆసరా లేకుండా బరువు మోస్తుంది. చక్రం ఊడదీసి ఇరుసును వేళ్లతో తిప్పండి. కొన గుండ్రంగా ఊగుతుంటే వంగిందని అర్థం. ఇరుసు, బాల్స్, గ్రీజు ఇవన్నీ మామూలు సైకిలు షాపు పనే.

బ్రేకు రబ్బర్లు, తీగలు కొత్తవి వేయించండి. పాత క్యాంటిలీవర్ బ్రేకులు (రెండు పొట్టి చేతులను మధ్యనుంచి తీగ పైకి లాగేవి) తీసి వీ-బ్రేకులు (పొడుగు చేతులను పక్కనుంచి తీగ లాగేవి) పెట్టిస్తే హ్యాండిల్ మీది లీవర్లు కూడా మార్చాలి. పాత లీవరు లాగే తీగ వాటికి చాలదు.

గేర్ల విలువ కొండవీడు ఘాట్ రోడ్డు మీద తెలుస్తుంది. ముందు 24 పళ్లు, వెనుక 28 పళ్లు కలిపితే పెడల్ ఒక చుట్టుకు సైకిలు సుమారు 1.75 మీటర్లే కదులుతుంది. నెమ్మదే, అయినా గుడారం, పరుపు, బియ్యం మోస్తూ దిగకుండా ఎక్కవచ్చు.

[దృశ్యం: పొన్నూరు రోడ్డు, తెల్లవారుజాము.]

మొదటి యాత్రకు కొండ వద్దు. గుంటూరు నుంచి చేబ్రోలు, పొన్నూరు మీదుగా బాపట్ల, అక్కడి నుంచి సూర్యలంక: అంతా కలిపి సుమారు 60 కి.మీ., పూర్తిగా చదును. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం, తుపాను హెచ్చరిక లేకపోతేనే. తెల్లవారకముందే బయలుదేరండి, మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి ఎదురుకొడుతుంది. కోతల రోజుల్లో రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు. టైరు జారుతుంది, పైగా అది రైతు కష్టం. పక్కనుంచి వెళ్లండి.

బరువైన సామాను సంచుల్లో అడుగున, ఇరుసుకు దగ్గరగా సర్దండి. క్యారియర్ మీద ఎత్తుగా కడితే సైకిలు ఊగిపోతుంది.

సూర్యలంకలో వాయుసేన స్థావరం ఉంది. తీరంలో ఇష్టం వచ్చినచోట గుడారం వేయకూడదు. రిసార్టు ఆవరణలోనో తెలిసినవారి తోటలోనో అడిగి వేయండి. ఊళ్లలోనైతే చీకటి పడకముందే గుడి దగ్గరకో బడి దగ్గరకో వెళ్లి పెద్దవాళ్లను పలకరించండి. "బాబాయ్, ఈ రాత్రికి ఇక్కడ పడుకోవచ్చా?" అంటే మంచినీళ్లిచ్చి మరీ చోటు చూపిస్తారు.

వరి పొలాల పక్క వద్దు. కట్లపాము రాత్రిపూట నేలమీద పడుకున్నవాళ్లనే ఎక్కువగా కాటేస్తుంది, కాటు నొప్పి కూడా పెద్దగా తెలియదు. అడుగు కుట్టి ఉన్న గుడారమే వాడండి, జిప్పు పూర్తిగా మూయండి. కాటు అనుమానం వస్తే మంత్రం, కట్టు అంటూ ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయండి. పొద్దున్నే బూట్లు దులిపి వేసుకోండి. క్యారియర్ మరలు ఒకసారి బిగించి బయలుదేరండి.